17 ఇంచుల అలాయ్ వీల్స్ వేయించాలా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఈ లెక్క చూడండి

మొన్న రాత్రి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నా స్విఫ్ట్‌కి 17 ఇంచుల అలాయ్స్ చూశాను. టైర్లతో కలిపి మంచి రేటుకి ఇస్తానంటున్నాడు, రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా" అని. ఒక్క రోజు ఆగరా బాబూ అన్నాను. ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను కాబట్టి. వాడికి చెప్పిందే ఈ రోజు మీకూ చెప్తాను.

ముందు టైరు మీద నంబరు చదవడం తెలియాలి. వాడిది కింది వేరియంట్, టైరు పక్కన 165/80 ఆర్14 అని ఉంటుంది. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 మాత్రం మిల్లీమీటర్లు కాదు, ఆ వెడల్పులో 80 శాతం. అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా రబ్బరు ఎత్తు 132 మిల్లీమీటర్లు. దీన్నే సైడ్‌వాల్ అంటారు. చివరి 14 రిమ్ము సైజు, అది ఇంచుల్లో. ఒకే నంబర్లో మిల్లీమీటర్లు, శాతం, ఇంచులు, మూడూ కలిపేశారు. నాకైతే చాలా రోజులు అర్థం కాలేదు.

ఇప్పుడు చక్రం మొత్తం ఎత్తు లెక్కేద్దాం. కింద 132, పైన 132, మధ్యలో 14 ఇంచుల రిమ్ము అంటే 355.6. మొత్తం 619.6 మిల్లీమీటర్లు. అదే స్విఫ్ట్ పై వేరియంట్‌కి కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది. దాని లెక్క 621.5. రెండు మిల్లీమీటర్లే తేడా చూశారా? స్పీడోమీటరు, కిలోమీటర్ల రీడింగు అన్నీ చక్రం చుట్టుకొలత మీదే నడుస్తాయి. అందుకే మొత్తం ఎత్తు మారకూడదు.

మావాడికి షాపులో చూపించింది 205/45 ఆర్17. అది 616.3 వస్తుంది. మూడు మిల్లీమీటర్లు తక్కువ, అంతే. "స్పీడోమీటర్‌లో తేడా రాదు సార్" అని వాళ్లు చెప్పింది నిజమే. నాకూ అప్పట్లో ఇదే చెప్పారు, నేనూ తల ఊపాను. కానీ అడగాల్సింది ఇంకోటి ఉంది. చక్రం ఎత్తు అంతే ఉండి, లోపల రిమ్ము మూడు ఇంచులు పెరిగిందంటే, తగ్గింది ఏంటి? రబ్బరు. 132 ఉండాల్సిన సైడ్‌వాల్ 92కి వచ్చింది. నాలుగు సెంటీమీటర్లు పోయినట్టే.

ఆ నాలుగు సెంటీమీటర్లే గుంతలో పడినప్పుడు మనల్ని కాపాడేవి. షాక్ అబ్జార్బర్ కంటే ముందు దెబ్బ తినేది టైరు. రబ్బరు, లోపలి గాలి నొక్కుకుని దెబ్బని మింగుతాయి. అది సన్నబడితే గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగిపోతుంది.

నాకు జరిగింది అదే. దసరాకి అమ్మానాన్నల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి ఖమ్మం వెళ్తున్నాను. రాత్రి, వాన. నీళ్లు నిండిన గుంత కనపడలేదు. ధడేల్‌మని సౌండ్. దిగి చూస్తే ముందు ఎడమ టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు, రిమ్ము అంచు వంగి గాలి తగ్గిపోతోంది. ఉబ్బు వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టు. దానికి పంచర్ వేయడం ఉండదు, టైరు పారేయడమే. సరే, స్టెప్నీ వేద్దామంటే ఇంకో తలనొప్పి. అది పాత ఇనుప చక్రం. అలాయ్స్‌కి వేరే నట్లు ఇచ్చారు, పాత నట్లు ఇంట్లో డబ్బాలో ఉన్నాయి! వెనక సీట్లో అమ్మ, పక్క నుంచి లారీలు. ఆ రెండు గంటలు ఎలా గడిచాయో నాకే తెలుసు. మెకానిక్ వచ్చి నట్లు తెచ్చేదాకా అక్కడే. ఆ సైజు టైరు దగ్గర్లో ఏ షాపులోనూ దొరకలేదు, అది వేరే కథ.

మరి లాభం అస్సలు లేదా అంటే, ఉందండీ. సైడ్‌వాల్ పొట్టిగా ఉంటే మలుపులో టైరు తక్కువ వంగుతుంది, స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి మాట వింటుంది. పొడి రోడ్డు మీద పట్టు కూడా బాగుంటుంది. లుక్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ చక్రం బరువైతే పికప్, మైలేజీ తగ్గుతాయి. వెడల్పు పెరిగితే నిలిచిన నీళ్ల మీద టైరు తేలే అవకాశం ఎక్కువ.

చాలామంది చూడనిది ఇంకోటి, లోడ్ ఇండెక్స్. సైజు పక్కన 85 లాంటి నంబరు ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు. 205/45 ఆర్17లో 84 ఉన్నవీ దొరుకుతాయి, అంటే 500 కిలోలే. లావుగా కనిపిస్తుంది, మోసేది తక్కువ! పాత నంబరు కంటే తక్కువైతే తీసుకోకండి. రిమ్ము ఆఫ్‌సెట్ తేడా ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది. నలుగురిని కూర్చోబెట్టి రెండు వైపులా తిప్పి చూశాకే డబ్బులివ్వండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం కూడా మర్చిపోవద్దు.

మావాడు రోజూ తిరిగేది ఊళ్లోనే, నెలకోసారి పొలం దగ్గరికి మట్టి రోడ్డు. వాడికి నేను చెప్పింది 15. కంపెనీ ఇచ్చే సైజే కాబట్టి సైడ్‌వాల్ 120 మిగులుతుంది, టైరు ఎక్కడైనా దొరుకుతుంది. మీరు ఎక్కువగా మంచి హైవే మీదే తిరుగుతూ, మరీ మనసు పడితే 195/55 ఆర్16 దాకా ఆలోచించండి, సైడ్‌వాల్ 107 ఉంటుంది. 17 మాత్రం ఈ బండికి నేను వద్దంటాను.

వాడేమో "15 అయితే పెద్ద తేడా కనపడదు కదన్నా" అని మూతి ముడుచుకున్నాడు. ఆదివారం నా దగ్గరికి రమ్మన్నాను. ఆ వంగిన రిమ్ము ఇంకా మా బాల్కనీలోనే ఉంది, చూపిస్తాను. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.