పాట ఇచ్చేముందు

మన సికింద్రాబాదు ఇళ్లల్లో ఇప్పుడు పిల్లలు తమ గదిలోనే పాట కట్టి, రికార్డు చేసేస్తున్నారు. సినిమావాళ్లో, సీరియల్ వాళ్లో ఆ పాట అడిగితే సంతోషమే. 2022లో ‘భీమ్లా నాయక్’ సినిమాతో మొగులయ్యగారి కిన్నెర ఊరూరా వినిపించలేదూ!

అయితే పాటలో హక్కులు రెండు రకాలు: రచన, బాణీలవి ఒకటి, రికార్డింగుది మరొకటి. ఏది ఇస్తున్నారో కాగితంమీద ఉండాలి. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే చట్టప్రకారం అయిదేళ్లే. ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే.

2012 చట్టసవరణ ప్రకారం, సినిమాకిచ్చిన పాటను హాల్లో కాక టీ.వీ.లో, రేడియోలో వాడితే వచ్చే రాయల్టీలో రచయితకూ, స్వరకర్తకూ సమాన వాటా ఉంది. దాన్ని నిర్మాతకు వదిలేస్తున్నామని సంతకం పెట్టినా చెల్లదు. ఆ సొమ్ము వసూలుచేసి పంచే సంఘం ఐ.పి.ఆర్.ఎస్.; అందులో సభ్యులుగా చేరమనండి.

చీర కొనేటప్పుడు కొంగుదాకా విప్పి చూస్తాం కదా! పిల్లలచేత సంతకం పెట్టించే కాగితమూ చివరిదాకా చదవండి.