యంత్రము ఎచ్చట నిలిచిపోవుచున్నది?

అరకులోయ ప్రాంతపు ధ్వనిముద్రణల పట్టికను మేము కంప్యూటరులో భద్రపరచితిమి. థింసా పాటలు, కువి, ఆదివాసీ ఒడియా పాటలు అందు గలవు. ఏ గ్రామమున ఎవరు పాడినదో వెదకి తీయుటకు ఒక నిమిషము పట్టసాగెను. ప్రసారవేళ నిమిషమన్నది స్వల్పకాలము కాదు. యంత్రము పాతబడినది, క్రొత్తది కొనవలెనని అందరును అనిరి. కొనుటకు ముందు కొలిచి చూడవలెనని మేము తలచితిమి.

కొత్తవలస-కిరండూల్ రైలుమార్గమును ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మైదానమున బండి ఎంత వేగముగా పోయినను, సుమారు 996 మీటర్ల ఎత్తునగల శిమిలిగుడ వరకు ఎక్కు కనుమదారియే ప్రయాణకాలమును నిర్ణయించును. సర్వరునందును అట్టి కనుమ యొకటి ఉండును. అది ప్రాసెసరా, మెమరీయా, డిస్కా అన్నదే ప్రశ్న.

మా ప్రాసెసరు చాలవరకు ఊరకయే కూర్చుండి డిస్కు కొరకు ఎదురుచూచుచుండెను. అమ్మినవారు చూపిన పరీక్షలో డిస్కు బహువేగవంతమే. కాని అది వరుసగా చదువు వేగము. పట్టికలో వెదకునపుడు చిన్న ముక్కలను చెల్లాచెదురైన చోట్లనుండి తీయవలెను. గ్రామఫోను ముల్లువంటి చదువు తల చోటు మారుటకు 8 లేక 9 మిల్లీసెకండ్లు. నిమిషమునకు 7200 సార్లు తిరుగు డిస్కుకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకండ్లు గనుక, సగటున అరచుట్టు నిరీక్షణ. అనగా సెకనుకు 80 ముక్కలు. ఒక వెదుకులాటకు 4,000 ముక్కలు కావలసినచో 50 సెకండ్లు. లెక్క సరిపోయినది.

మొదట మేమును మోసపోతిమి. చిన్న ఫైలుతో కొలువగా అద్భుతవేగము కనబడెను. అది డిస్కుది కాదు, మెమరీది. మెమరీకి రెట్టింపు ఫైలుతో కొలిచిన పిదపనే నిజము తేలెను. పరీక్ష నిజమైన పనిని పోలియుండవలెనని జిమ్ గ్రే ప్రభృతులు 1985లోనే బ్యాంకు జమాఖర్చుల నమూనాతో చూపిరి.

అంతకంటె భయము కలిగించినది వ్రాత పరీక్ష. ప్రతి నమోదును డిస్కుపై నిలిచిన పిదపనే తరువాతిది మొదలుపెట్టినచో, ఆ డిస్కు సెకనుకు సుమారు 120 కంటె మించి చేయజాలదు. తిరుగు చుట్లే అన్ని గదా! మా డిస్కు వేలసంఖ్య చూపినది. వ్రాసితినని చెప్పుచు, తన చిన్న మెమరీలో దాచుకొనుచుండెను. వానకాలమున కొండలలో కరెంటు పోయినచో ఆ నమోదులు మాయమగును. పాట మిగులును, పాడినదెవరో తెలియకుండపోవును. మరల అడుగుదమన్న, వారిలో కొందరు నేడు లేరు.

ఆ తాత్కాలిక నిల్వను వెంటనే ఆపించితిమి. సంఖ్య నూరుకు దిగెను; మాకు నిద్రపట్టినది. పిమ్మట మెమరీని పెంచి, గ్రామముల పేర్లకు ఇండెక్సు ఏర్పరచితిమి. ఇప్పుడు వెదుకులాట రెండు సెకండ్లలో ముగియుచున్నది. యంత్రము పాతదే.