దేవుణ్ణి చూసినవాడు, గుడి కట్టినవాళ్లు

మరాఠీలో ‘దేవూళ్’ అంటే గుడి. మన దేవళానికి దగ్గరి మాట. ఆ పేరుతో ఉమేష్ కులకర్ణి 2011లో తీసిన హాస్యచిత్రం జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారాన్ని ‘బ్యారి’తో పంచుకుంది. కథానాయకుడు గిరీష్ కులకర్ణి ఉత్తమ నటుడయ్యాడు. అయినా భక్తిని ప్రశ్నించే సినిమా అనగానే మన చర్చలు ‘పీకే’ దగ్గరే ఆగిపోతాయి. కులాన్ని అధ్యయనం చేసేవారికి అంతకంటే ఎక్కువ పని కల్పించే సినిమా ఇది.

మంగ్రూళ్ అనే పల్లెలో కేశ్యా అనే యువకుడు తప్పిపోయిన తన ఆవును వెదుకుతూ మేడిచెట్టు కింద కునుకు తీస్తాడు. దత్తాత్రేయుడు కనబడ్డాడని ఊళ్లోకి పరుగెత్తుతాడు. ఊరి కుర్రకారు, విలేఖరి, చివరికి నాయకుడు భావూ గలాండే ఆ దర్శనాన్ని గుడిగా, గుడిని బజారుగా మారుస్తారు. ఆస్పత్రి కోసం పాటుపడిన పెద్దాయన అన్నా మాట చెల్లదు; ఆయన ఊరు విడిచిపోతాడు.

నన్ను పట్టి నిలిపేది ఈ వెళ్లిపోవడమే. సందేహించి ఊరు దాటడానికి అన్నాకు చదువుంది, వేరే లోకముంది. ఆవును నమ్ముకున్న కేశ్యాకు అవి లేవు. అతని సందేహం గ్రంథాల నుంచి రాలేదు. తన దేవుడు అంగడి సరుకు కావడం చూసి పుట్టింది. విగ్రహాన్ని తానే దొంగిలించి ఏటిలో విడిచేస్తాడు. భక్తుడు తప్ప మరొకరు చేయలేని పని అది. ఊరికేం? కొత్త విగ్రహం వస్తుంది, వ్యాపారం సాగుతుంది.

అయితే ఈ నవ్వుకు ఒక పెద్ద మౌనం తోడుంది. దేవుడికీ మనిషికీ నడుమ దళారీ అక్కరలేదంటూ ఫూలే 1873లో సత్యశోధక సమాజాన్ని స్థాపించింది మహారాష్ట్రలోనే. 1930లో అంబేడ్కర్ నాయకత్వాన నాసిక్ కాలారాం గుడి తలుపుల ముందు సత్యాగ్రహం మొదలైందీ అక్కడే. ఏళ్లు గడిచినా ఆ తలుపులు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో ఆయన హిందువుగా మరణించనన్నారు. ఆ నేలమీద కథ నడిపిన సినిమా, ఊరికి గుడి కావాలా ఆస్పత్రి కావాలా అని అడిగింది. ఆ గుడిలోకి మహార్‌వాడ నుంచి ఎవరు ఎంతవరకు వెళ్లగలరన్న వైపు కథను నడపలేదు.

ఇది మరాఠీ దర్శకుడి ఒక్కడి లోపం కాదు. గుడి వ్యాపారాన్ని ఎగతాళి చేయడం మనకూ సులువే. చెట్టు కింది పోచమ్మకు సిమెంటు గోపురం లేచాక, తరతరాలుగా జమిడిక వాయించి కొలిచిన బైండ్లవారి స్థానంలో మంత్రాలు చదివే పూజారి ఎలా వచ్చాడన్నది మాత్రం మన తెలుగు హాస్యానికి ఇంకా కథావస్తువు కాలేదు.