దర్శకులతో ముఖాముఖి: ఎలా వినాలి, ఏమి అడగాలి

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కళ, సినిమా గురించి జరిగే ప్రసంగానికీ ముఖాముఖికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• మన దేశంలో ఫిల్మ్ సొసైటీలు ఇటువంటి సంభాషణలకు ఎలా వేదికలయ్యాయో వివరించగలుగుతారు.
• హిచ్‌కాక్, త్రూఫోల సంభాషణ ఆధారంగా మంచి ప్రశ్న లక్షణాలను గుర్తించగలుగుతారు.
• కళాకారుడి మాటను అతని కృతితో పోల్చి సరిచూసుకోగలుగుతారు.

2. పరిచయం

ఇంతకుముందు పాఠాలలో సినిమాను షాటుగా, సన్నివేశంగా, ధ్వనిగా విడదీసి చూడటం నేర్చుకున్నారు. ఈ పాఠంలో సినిమా అయిపోయాక జరిగే సంగతి తెలుసుకుందాం. హాల్లో లైట్లు వెలుగుతాయి. దర్శకుడో, ఛాయాగ్రాహకుడో, కళాదర్శకుడో వేదిక మీదికి వస్తారు. ఒకరు ప్రశ్నలు వేస్తారు, వచ్చిన అతిథి జవాబులు చెబుతారు. చివర్లో మైకు ప్రేక్షకుల చేతికి వస్తుంది. చిత్రకళా ప్రదర్శనలలో, నాటకోత్సవాలలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది.

ఇలాంటి సభలు రెండు రకాలు. ప్రసంగంలో కళాకారుడు తాను చెప్పదలచుకున్నది ముందే సిద్ధం చేసుకొని వస్తాడు. దాని క్రమం అతని చేతిలో ఉంటుంది. ముఖాముఖిలో ఆ క్రమం సగం అడిగేవారి చేతిలో ఉంటుంది. అష్టావధానం చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. పృచ్ఛకుడి ప్రశ్నలో పస లేకపోతే ఎంత గొప్ప అవధాని అయినా ఆ పూట తేలిపోతాడు. అందువల్ల ముఖాముఖిని అధ్యయనం చేయడమంటే జవాబులతో పాటు ప్రశ్నలనూ అధ్యయనం చేయడమే.

మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుకుంటున్నారు. పెద్ద నగరాల చలనచిత్రోత్సవాలకు వెళ్లే వీలు అందరికీ ఉండదు. అయితే ఈనాడు అటువంటి సంభాషణల వీడియోలు ఫోనులోనే దొరుకుతున్నాయి. దొరికినదాన్ని ఎలా ఉపయోగించుకోవాలన్నదే ఇప్పుడు మన ముందున్న సమస్య.

3. ప్రశ్నతో మొదలైన శాస్త్రం

కళాకారుణ్ణి కూర్చోబెట్టి అడగడం కొత్త అలవాటు కాదు. భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం ఒక ముఖాముఖితోనే మొదలవుతుంది. ఆత్రేయుడు మొదలైన మునులు భరతుని దగ్గరకు వచ్చి అయిదు ప్రశ్నలు అడుగుతారు. నాట్యవేదం ఎలా పుట్టింది? ఎవరి కోసం పుట్టింది? దానికి అంగాలు ఎన్ని? దాని ప్రమాణం ఏమిటి? దాన్ని ప్రయోగించడం ఎలా? తరువాతి గ్రంథమంతా ఈ ప్రశ్నలకు జవాబుగానే సాగుతుంది.

ఈ అయిదు ప్రశ్నలను మరోసారి చదవండి. ‘మీ నాటకంలో సందేశం ఏమిటి?’ అని అందులో ఎవరూ అడగలేదు. పుట్టుక, ఉద్దేశించిన ప్రేక్షకులు, నిర్మాణం, పరిమాణం, ప్రయోగం: ఇవీ వారు అడిగినవి. కళను తయారీ వైపు నుంచి చూసే ప్రశ్నలివి. పాఠం చివరి వరకూ ఈ విషయం గుర్తుంచుకోండి.

4. ఫిల్మ్ సొసైటీలు: మాట్లాడుకోవడానికి ఒక చోటు

మన దేశంలో సినిమా గురించి పద్ధతిగా మాట్లాడుకునే అలవాటును పెంచినవాటిలో ఫిల్మ్ సొసైటీలు ముఖ్యమైనవి. 1947లో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా, మరికొందరు మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. సభ్యత్వ రుసుము కట్టి, విదేశీ చిత్రాలు తెప్పించుకొని చూడటం, చూశాక చర్చించుకోవడం వారి కార్యక్రమం.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా ‘ది రివర్’ చిత్రం పని మీద కలకత్తా వచ్చాడు. రే అప్పుడు ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. చిత్రీకరణకు అనువైన ప్రదేశాలు వెదకడంలో రెన్వాకు తోడుగా తిరిగాడు. ‘పథేర్ పాంచాలీ’ని సినిమాగా తీయాలన్న తన కోరికను ఆయనతో చెప్పుకున్నాడు. రెన్వా ప్రోత్సహించాడు. ఆ చిత్రం 1955లో విడుదలైంది. వేదిక, మైకు, చప్పట్లు ఏవీ లేకుండా దారిలో నడుస్తూ జరిగిన సంభాషణ అది. పని చేస్తున్న కళాకారుడి పక్కన ఉండి అడిగి తెలుసుకున్నది ఎంత దూరం పోతుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

1959లో దేశంలోని సొసైటీలు కలిసి ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాగా ఏర్పడ్డాయి. రే దానికి మొదటి అధ్యక్షుడు. 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1964లో అక్కడే నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చాయి. ఆర్కైవ్ దగ్గర ఉన్న 16 ఎం.ఎం. ప్రింట్లు పెట్టెలలో రైలెక్కి చిన్న పట్టణాలకు చేరేవి. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు, గోడకు కట్టిన తెల్లగుడ్డ, ఇరవైముప్పై కుర్చీలు: ఎన్నో ఊళ్లలో సినిమా చర్చ ఇలా మొదలైంది.

ఈ చరిత్రలో మన ప్రాంతానికీ చోటుంది. హైదరాబాదు శివారులో పెరిగిన శ్యామ్ బెనెగల్ విద్యార్థిగా ఉన్నప్పుడే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. దర్శకుడిగా పేరు వచ్చాక, 1980లలో, ఆయన సత్యజిత్ రే మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. అందులో బెనెగల్ అడుగుతారు, రే చెబుతారు. ఒక దర్శకుడు మరో దర్శకుణ్ణి ఎలా అడుగుతాడో గమనించడానికి అది మంచి పాఠం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ప్రసంగానికీ ముఖాముఖికీ ప్రధానమైన తేడా ఏమిటి?
ఆ) మునులు భరతుని అడిగిన ప్రశ్నలు కళను ఏ వైపు నుంచి చూస్తున్నాయి?

5. ఒక ఉదాహరణ: హిచ్‌కాక్, త్రూఫో

ప్రపంచ సినిమాలో ఎక్కువగా చదివిన సంభాషణలలో ఇది ఒకటి. 1962 ఆగస్టులో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో అమెరికా వెళ్లి, యూనివర్సల్ స్టూడియోలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌తో సుమారు వారం రోజులు మాట్లాడాడు. అప్పటికి త్రూఫో వయసు 30, తీసినవి మూడు పూర్తి నిడివి చిత్రాలు. హిచ్‌కాక్‌కు 63 నిండుతున్నాయి, నలభైకి పైగా చిత్రాల అనుభవం ఉంది. త్రూఫోకు ఇంగ్లీషు అంతగా రాదు. హెలెన్ స్కాట్ అనే ఆమె దుబాసీగా కూర్చున్నారు. మాటలన్నీ టేపు చేశారు. 1966లో ఫ్రెంచిలోను, మరుసటి ఏడాది ఇంగ్లీషులోను పుస్తకంగా వచ్చాయి.

హిచ్‌కాక్ అప్పటికే ప్రసిద్ధుడు. కానీ అమెరికాలో చాలామంది విమర్శకులు అతన్ని నేర్పరి అయిన వినోదకారుడిగానే లెక్కవేసేవారు. అతను గొప్ప కళాకారుడని త్రూఫో నమ్మకం. ఆ నమ్మకాన్ని పొగడ్తలతో కాక ప్రశ్నలతో నిరూపించాలనుకున్నాడు. అందుకు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదటి చిత్రం నుంచి వరుసగా ఒక్కొక్క చిత్రం గురించి నాలుగు విషయాలు అడిగాడు: అది ఏ పరిస్థితులలో పుట్టింది, స్క్రీన్‌ప్లే ఎలా తయారైంది, దర్శకత్వంలో ఎదురైన ప్రత్యేక సమస్యలేమిటి, మొదట ఆశించినదానితో పోలిస్తే ఫలితం ఎలా వచ్చింది.

ఇలా అడిగితే ఎటువంటి జవాబు వస్తుందో చూడండి. 1941 నాటి ‘సస్పిషన్’ చిత్రంలో భర్త ఒక గ్లాసు పాలు పట్టుకొని చీకటి మెట్లెక్కి భార్య గదికి వస్తాడు. పాలలో విషం ఉందేమోనని మనకు అనుమానం. చూపు ఆ గ్లాసును వదలదు. ఎందుకు వదలదు? గ్లాసు లోపల చిన్న దీపం పెట్టించానని హిచ్‌కాక్ చెప్పాడు. తెర మీద మనకు కనబడినది భయం. సంభాషణ చెప్పినది ఆ భయం తయారైన విధానం. ఈ రెండూ కలిసినప్పుడే మన చదువు ముందుకు సాగుతుంది.

ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ తేడాను కూడా ఇదే సంభాషణలో హిచ్‌కాక్ విడమరచి చెప్పాడు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే కలిగేది కొన్ని సెకన్ల ఆశ్చర్యం. ముందే తెలిస్తే, బల్ల దగ్గర కూర్చున్నవారు ఎంత మామూలు కబుర్లు చెప్పుకుంటున్నా ఆ నిమిషాలన్నీ ఉత్కంఠే. కథనం నేర్చుకునే విద్యార్థికి ఈ ఒక్క వివరణ ఎంతో విలువైనది. మన సినిమాలలోని ఏ సన్నివేశానికైనా దీన్ని అన్వయించి చూడవచ్చు.

6. మంచి ప్రశ్న లక్షణాలు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను అధ్యాపకుడిగా చేరిన తొలి సంవత్సరాలలో ఒక జిల్లా కేంద్రంలో ఒక చిత్రం ప్రదర్శించాం. నేత కుటుంబం కథ. దర్శకుడు కూడా వచ్చాడు. సమన్వయకర్తను నేను. పరిచయానికే పదిహేను నిమిషాలు తీసుకున్నాను. తరువాత నేను వేసిన ప్రశ్నలన్నీ పుస్తకాల్లో చదివినవి. ప్రతిదానిలోనూ జవాబు కంటే నా పాండిత్యమే ఎక్కువ. ప్రేక్షకుల వంతు వచ్చేసరికి దర్శకుడి రైలు వేళ అయింది. వందన సమర్పణతో సభ ముగించాం.

బస్టాండులో ఒక పెద్దమనిషి పలకరించాడు. వృత్తి నేత. వెనక వరుసలో చాలాసేపు చెయ్యెత్తి దించేశాడట. “సార్, నేసుడు ఆపినంక గూడ మగ్గం సప్పుడు ఇనొస్తనే ఉన్నది. కావాల్నని పెట్టిన్రా, తప్పు పోయిన్రా అని అడుగుదామనుకున్న” అన్నాడు.

నేను ఆ చిత్రాన్ని మూడుసార్లు చూశాను. ఆ సంగతి గమనించలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి అప్పటికే రైలులో ఉన్నాడు. జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు సభలో వేసిన ప్రశ్నలలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. వేయనివ్వని ఆ ప్రశ్న మాత్రం తరువాత ముప్పై ఏళ్లూ నా తరగతులలో పాఠమైంది.

ఆ ప్రశ్నను విడదీసి చూస్తే మంచి ప్రశ్న లక్షణాలు మూడూ అందులోనే దొరుకుతాయి.

మొదటిది, అది కృతిలోని ఒక నిర్దిష్టమైన చోటును పట్టుకుంది. ‘మీ చిత్రంలో ధ్వని గురించి చెప్పండి’ అంటే జవాబు ఎటైనా పోతుంది. ‘నేత ఆగాక వినబడే చప్పుడు’ అంటే దర్శకుడు తప్పించుకోలేడు.

రెండవది, అది ఒక నిర్ణయం గురించి అడిగింది. కావాలని చేసిందా, పొరపాటా, ఇంకో దారి లేక చేసిందా? కళ నిర్ణయాల మీద నడుస్తుంది. అర్థం ఏమిటని అడిగితే కళాకారుడు ఉపన్యాసం మొదలుపెట్టవచ్చు. నిర్ణయం గురించి అడిగితే పని గుర్తు చేసుకుంటాడు.

మూడవది, అది అడిగేవాడి సొంత జ్ఞానం నుంచి వచ్చింది. మగ్గం దగ్గర బతికినవాడికే ఆ తేడా తెలుస్తుంది. మీరు కూడా ఇలాగే ఆలోచించండి. మీరు నర్సు అయితే ఆసుపత్రి సన్నివేశంలో, రైతు అయితే పొలం సన్నివేశంలో, టైలరు అయితే దుస్తులలో మీకు కనబడేది ప్రొఫెసరుకు కనబడదు. ‘నాకు సినిమా గురించి ఏం తెలుసు’ అని చెయ్యి దించకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) త్రూఫో ప్రతి చిత్రం గురించి అడిగిన నాలుగు విషయాలేవి?
ఆ) మంచి ప్రశ్నకు ఉండవలసిన మూడు లక్షణాలను మీ మాటల్లో రాయండి.

7. విన్నదాన్ని సరిచూసుకోవడం

కళాకారుడు చెప్పినది సాక్ష్యమే. అయితే సాక్ష్యాన్ని తీర్పుగా తీసుకోకూడదు. ఇందుకు మూడు కారణాలున్నాయి.

ఒకటి, జ్ఞాపకం మారుతుంది. పాతికేళ్ల కిందటి షూటింగు గురించి చెప్పేటప్పుడు, అనేకసార్లు చెప్పి నునుపుదేలిన కథనే మళ్లీ చెప్పడం సహజం. రెండు, మన చేతికి వచ్చేది చాలాసార్లు కూర్చిన రూపం. హిచ్‌కాక్, త్రూఫోల మాటలు దుబాసీ నోటి మీదుగా నడిచాయి, టేపు నుంచి కాగితం మీదికి ఎక్కాయి, నాలుగేళ్ల తరువాత పుస్తకమయ్యాయి. ప్రతి మజిలీలోనూ కొంత జారిపోతుంది, కొంత చక్కబడుతుంది. వీడియోలో కూడా కోతలు ఉంటాయి. మూడు, ఉద్దేశం వేరు, ఫలితం వేరు. దర్శకుడు అనుకున్నది తెర మీదికి రాకపోవచ్చు. అనుకోనిది వచ్చి ఉండవచ్చు.

‘పథేర్ పాంచాలీ’లో అపు, దుర్గ రెల్లుపూల మధ్య నడిచి రైలును చూసే ఘట్టం తెలిసిందే. తొలిరోజు కొంత భాగం తీసి, వారం తరువాత తిరిగి వెళ్లేసరికి పశువులు ఆ రెల్లునంతా మేసేశాయనీ, మళ్లీ పూత వచ్చే కాలం దాకా ఆగవలసి వచ్చిందనీ రే చెప్పాడు. ఈ మాట విన్నాక ఆ ఘట్టం మళ్లీ చూడండి. ఒకే మధ్యాహ్నంలా సాగే దృశ్యంలో అంత ఎడం దాగి ఉందని తెలిసినప్పుడు, కూర్పు అనే పని విలువ అర్థమవుతుంది. కానీ ఆ ఘట్టం మనల్ని కదిలించడానికి కారణం పశువులు కాదు. దానికి జవాబు తెర మీదే వెతకాలి. సంభాషణ మనల్ని తిరిగి కృతి దగ్గరకు పంపితే అది మంచి సంభాషణ. కృతిని చూడనక్కరలేదనిపిస్తే జాగ్రత్తపడాలి.

8. కృత్యం

(అ) మీకు నచ్చిన ఒక దర్శకుడి లేదా చిత్రకారుడి ముఖాముఖి వీడియో ఒకటి చూడండి. నోటుపుస్తకంలో పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో ప్రశ్న, రెండవ గడిలో జవాబు సారం, మూడవ గడిలో ఆ జవాబును కృతిలో ఎక్కడ సరిచూసుకోవచ్చో రాయండి. మూడవ గడి ఖాళీగా మిగిలిన జవాబులు ఎన్నో లెక్కపెట్టండి.

(ఆ) బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన ‘దాసి’ (1988) చిత్రానికి చిత్రకారుడు తోట వైకుంఠం కళాదర్శకత్వం చేసి జాతీయ పురస్కారం అందుకున్నారు. వీలైతే చిత్రం చూసి, గడీ లోపలి వస్తువులు, రంగులు, ఖాళీలు గమనించి, కళాదర్శకుణ్ణి అడగదగిన మూడు ప్రశ్నలు తయారుచేయండి. ప్రతి ప్రశ్నా ఒక నిర్దిష్ట దృశ్యాన్ని పేర్కొనాలి.

(ఇ) మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతికి వచ్చే అయిదారుగురు కలిసి ఒక లఘుచిత్రం చూసి చర్చించండి. సమన్వయకర్తగా ఉండేవారు అయిదు నిమిషాలకు మించి మాట్లాడకూడదు. మొదటి ప్రశ్న వెనక వరుస నుంచి రావాలి.

9. సారాంశం

ప్రసంగంలో క్రమం కళాకారుడిది, ముఖాముఖిలో అడిగేవారికీ అందులో భాగం ఉంటుంది. నాట్యశాస్త్రం నుంచి ఫిల్మ్ సొసైటీల వరకు, కళ ఎలా తయారవుతుందని అడిగిన ప్రశ్నలే ఎక్కువ ఫలితమిచ్చాయి. మంచి ప్రశ్న ఒక నిర్దిష్టమైన చోటును పట్టుకుంటుంది, నిర్ణయం గురించి అడుగుతుంది, అడిగేవారి అనుభవం నుంచి వస్తుంది. కళాకారుడి మాటను సాక్ష్యంగా స్వీకరించి, కృతితో సరిచూసుకోవాలి.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మన దేశంలో సినిమా గురించిన చర్చా సంస్కృతికి ఫిల్మ్ సొసైటీలు చేసిన దోహదాన్ని వివరించండి.
2. హిచ్‌కాక్, త్రూఫోల సంభాషణ ఆధారంగా మంచి ముఖాముఖి లక్షణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ తేడాను మీరు చూసిన ఒక తెలుగు చిత్రం ఉదాహరణతో రాయండి.
2. కళాకారుడి మాటను ఎందుకు సరిచూసుకోవాలి?
3. మీ వృత్తి లేదా మీ ఊరి జీవితం తెలిసిన కారణంగా, ఒక చిత్రంలో మీరు మాత్రమే గమనించిన విషయం ఏమిటి? దాన్ని ప్రశ్నగా రాయండి.