వేటగాని మనస్సులో మార్పులు

కామవరపుకోట మెట్టల నుండి దక్షిణముగా ఏలూరు దాటి పోయినచో, కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కనబడును. శీతకాలమున ఉత్తర దేశముల నుండి సూదితోక బాతులు మొదలగు పక్షులు ఇచటికి వలస వచ్చును. పక్షులున్న చోటికి వేటగాండ్రును వత్తురు. వేటగాని దృష్టి జీవితాంతము ఒకే తీరుగా ఉండునా?

ఈ ప్రశ్నను అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు అధ్యాపకులు రాబర్ట్ జాక్సన్, రాబర్ట్ నార్టన్ 1970 దశకమున పరిశీలించి, ఐదు దశలను గుర్తించిరి. మొదటి దశలో తుపాకి పేల్చుటయే ఆనందము. రెండవ దశలో చట్టము అనుమతించినన్ని పక్షులను కొట్టి తీరవలెనను పంతము. మూడవ దశలో ఏరికోరి ఒక మేటి జంతువును కొట్టుట గొప్ప. నాల్గవ దశలో వేట పద్ధతి, అందలి నేర్పు ముఖ్యము. ఐదవ దశలో నీటిగట్టున తోడివారితో గడిపిన ఉదయమే చాలును; సంచి ఖాళీగా వచ్చినను చింత లేదు. అందరును ఈ మెట్లన్నియు ఎక్కరు. కొందరు నడుమనే నిలిచిపోవుదురు.

పక్షి మిగిలిననే వేట మిగులును. ఈ సత్యము గ్రహించియే అమెరికాలో 1934 నుండి బాతువేటగాండ్రచే ఏటేట ఒక ప్రత్యేకమైన స్టాంపు కొనిపించి, ఆ ధనముతో చిత్తడి నేలలను కాపాడుచున్నారు. మన దేశము వేరొక దారి పట్టినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట లైసెన్సుపై కొన్ని జంతువుల వేటను అనుమతించెను; 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయినవి. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది.

అయితే పై ఐదు మెట్లును సరదాకు వేటాడువానివి. కూటికై ఉచ్చులొడ్డువానికి బాతు ఒక పూట బత్తెము. వయస్సు మీరిన మాత్రమున వాని అవసరము తీరదు. వేరొక జీవనోపాధి కావలెను. చేపల చెరువు గలవానికో, చేపను తిను పక్షి నష్టమే. పైగా చెరువుగట్లు సరస్సునే ఆక్రమించినచో, తుపాకి పేలకయే పక్షులకు నిలువ నీడ లేకుండును. అందుచేతనే 2006లో ప్రభుత్వము అభయారణ్యములోని చెరువుగట్లను పెద్ద ఎత్తున కొట్టివేయించినది.

మద్రాసుకు దక్షిణముగా నున్న వేడంతాంగల్ రైతుల కథ వేరు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని వారెరుగుదురు. కనుకనే 18వ శతాబ్దపు చివరి నుండియు అచట వేటను అడ్డుచున్నారు. పక్షి బ్రతికియుండుట వలన తనకు మేలున్నదని తోచిననాడు మనిషి తానే కాపరియగును. కొల్లేటి పల్లెలలో అట్టి మేలును కల్పించుటయే మన ముందున్న పని.