కలమజూ జంట కాయిల్ కథ

ఎలక్ట్రిక్ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించి, తీగ ముట్టుకోకుండా వదిలేసినా స్పీకరులోంచి సన్నగా ఒక హోరు వస్తూనే ఉంటుంది. అది కరెంటు హోరు. ట్రాన్స్‌ఫార్మర్లు, చోకులు, గోడలోని వైర్లు తమ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని ఊపుతుంటాయి. ఆ ఊపు మన దేశంలో సెకనుకు 50 ఆవర్తాలు, అమెరికాలో 60. గిటారు పికప్ దాన్నీ పట్టేస్తుంది. పికప్ అంటే అయస్కాంతం, దానికి తోడు వేల చుట్లు చుట్టిన రాగి వైరు, అంతే. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చలించి వైరులో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపిన సూత్రమే ఇది. అయితే క్షేత్రం చలించింది తీగ వల్లనా, గదిలోని ట్రాన్స్‌ఫార్మర్ వల్లనా అన్నది ఆ వైరుకు తెలియదు.

ఈ చిక్కును విప్పినవాడు సెత్ లవర్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో, గిబ్సన్ కంపెనీలో ఇంజినీరు. జంట కాయిళ్లతో హోరు చంపే ఉపాయం అంతకు ముందే ఉంది. లవర్ దాన్ని గిటారుకు కుదిర్చాడు. అదే కాలంలో రే బట్స్ అనే మరో నిపుణుడు గ్రెచ్ గిటార్ల కోసం ఇలాంటిదే తయారుచేశాడు. ఎవరి గొప్పతనం వారిదే.

పని తీరు చూడండి. పక్కపక్కనే రెండు కాయిళ్లు ఉంటాయి. కింద ఒకటే అయస్కాంతం. అందువల్ల ఒక కాయిల్‌లోని ఉక్కు ధ్రువాలు ఉత్తరం, రెండో దానిలోవి దక్షిణం. రెండు కాయిళ్లను ఒకదానికొకటి తిరగేసి కలుపుతారు. బయటి హోరు రెండింటిలోనూ ఒకేలా పుడుతుంది కాబట్టి తిరగేసి కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. తీగ నాదం మాత్రం ధ్రువాలు వేరు కావడంతో ముందే ఒకసారి తిరగబడింది. కలిపేటప్పుడు మళ్లీ తిరగబడి రెండూ ఒకే దిక్కుకు వస్తాయి. హోరు పోయింది, నాదం బలపడింది. హోరును అణిచేది కాబట్టి దానికి హంబకర్ అని పేరు పడింది.

1955 జూన్ 22న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1956లో స్టీల్ గిటార్లలో, 1957లో గిబ్సన్ వారి లెస్ పాల్ గిటార్లలో హంబకర్ కనిపించింది. పేటెంటు చేతికొచ్చింది మాత్రం 1959 జూలై 28న. ఆ మధ్యకాలంలో ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అని చెప్పే చిన్న నల్ల స్టిక్కరును పికప్ అడుగున అంటించారు. ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అనే ఆ ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలే పీఏఎఫ్. పేటెంటు వచ్చాక కూడా 1962 దాకా ఆ స్టిక్కరే నడిచింది. తరువాత స్టిక్కరు మీద వేసిన పేటెంటు నంబరు హంబకర్‌ది కానే కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేరిట ఉన్న మరో గిటారు భాగం పేటెంటుది! పోటీదారులను పక్కదారి పట్టించడానికే అలా చేశారా, పొరపాటా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఇవాళ పాత పద్ధతిలో హంబకర్ కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ స్టిక్కరు కోసం వెతుకుతారు. అక్కడే దారి తప్పుతారు. స్టిక్కరును ఎవరైనా అచ్చు వేయించగలరు. అసలు కథ లోపలి సరుకుది.

పికప్ మూత అంచున రెండు చోట్ల ఉన్న సోల్డరును కరిగిస్తే మూత ఊడివస్తుంది. మూత, అడుగు పలక రెండూ జర్మన్ సిల్వర్. మన ఇళ్లలో పెళ్లిళ్లకు, వ్రతాలకు ఇచ్చుకునే సామాన్ల వల్ల ఆ పేరు మనకు కొత్త కాదు. అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. లవర్ దాన్ని తెలిసే ఎంచుకున్నాడు. మూత ఇత్తడిదైతే అందులో సుడి ప్రవాహాలు ఎక్కువగా పుట్టి పైస్థాయి స్వరాలను మింగేస్తాయి. జర్మన్ సిల్వర్ విద్యుత్తును అంత తేలిగ్గా పారనివ్వదు కనుక నాదం మసకబారదు. పైగా సోల్డరు చక్కగా పట్టుకుంటుంది. కొత్త మూతలు కొనేవాళ్లు లోహం ఏమిటో అడగకుండా మెరుపు చూసి కొంటే చేజేతులా స్వరాన్ని పోగొట్టుకున్నట్టే.

పలక కింది నుంచి నాలుగు ఇత్తడి మరలు వైరు చుట్టిన బాబిన్లను పట్టి ఉంచుతాయి. అడుగున ఒకవైపు మేపుల్ కర్ర బద్ద. ఒక కాయిల్‌లో ఆరు ఉక్కు కడ్డీ ముక్కలు, రెండో దాంట్లో ఎత్తు సరిచేసుకునే ఆరు మరలు. లవర్ పేటెంటు బొమ్మలో ఈ మరలు లేనే లేవు. అమ్మకాల విభాగం వాళ్లకు కొనేవాడి ముందు చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలని వాటిని చేర్చారు. ఇప్పుడు ఆ మరల ఉక్కు రకం గురించి కూడా గంటలు గంటలు వాదించుకుంటున్నారు.

బాబిన్లు సెల్యులోజ్ ఎసిటేట్ బ్యూటిరేట్ అనే ప్లాస్టిక్‌వి. వేడి తగిలితే చెడిపోయిన వెన్న వాసన వేస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ బ్యూటిరిక్ ఆమ్లమే. కాయిళ్లు కదలకుండా కొందరు పికప్‌ను కరిగిన మైనంలో ముంచుతారు, ఆ మైనం మరీ వేడిగా ఉంటే ఈ బాబిన్లు వంకరపోతాయి. అసలు పాతవాటిని మైనంలో ముంచనేలేదు. నల్ల ప్లాస్టిక్ కొరత వచ్చినప్పుడు కొన్నాళ్లు మీగడ రంగు బాబిన్లు వాడారు. ఎలాగూ మూత కింద ఉండేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తరువాత వాయిద్యకారులు మూతలు పీకేశాక ఆ రంగు బయటపడింది, దాని ధర పెరిగింది. నాదానికీ ఆ రంగుకూ ఏ సంబంధమూ లేదు.

ఇక వైరు. 42 గేజి రాగి వైరు, మందం 0.0635 మిల్లీమీటర్లు, దాదాపు తలవెంట్రుకంత. దాని మీద ఊదా ఛాయ కలిసిన గోధుమ రంగు ఎనామెల్ పూత. ఒక్కో కాయిల్‌కు సుమారు 5,000 చుట్లు. చుట్టే యంత్రాలు సరిగ్గా లెక్క దగ్గర ఆగేవి కావు, బాబిన్ నిండిందనిపిస్తే పనివాళ్లు ఆపేవారు. అందుకే పాత హంబకర్ల నిరోధం 7 నుంచి 9 కిలోఓమ్‌ల దాకా ఎక్కడైనా ఉంటుంది. ఒకే పికప్‌లో రెండు కాయిళ్లకూ చుట్లు సమానంగా ఉండవు. సమానం కానప్పుడు కొద్దిగా హోరు మిగులుతుంది, దాంతోపాటు నాదానికి కొంత పదునూ వస్తుంది. ఇప్పుడు గిబ్సనే బర్స్ట్‌బకర్ పేరుతో కావాలని హెచ్చుతగ్గులుగా చుట్టి అమ్ముతోంది.

పాత వైరు చుట్ట దొరికిందని సంబరపడి కొనేవాళ్లకు ఒక మాట. దశాబ్దాలు మూలపడి ఉన్న ఎనామెల్ పెళుసుబారుతుంది. చుట్టేటప్పుడు పూత బీటలు వారితే పక్క చుట్లు ఒకదానికొకటి తగిలి కాయిల్ పాడవుతుంది. అదే రకం పూతతో కొత్తగా తయారైన వైరే నయం. ఇప్పటి పాలీయురెథేన్ పూత సోల్డరు వేడికి కరిగిపోతుంది, పాత ఎనామెల్‌ను గీకి తీయాల్సిందే. పూత మందం మారితే చుట్ల మధ్య ఎడం మారుతుంది, దానితో కాయిల్ కెపాసిటెన్స్, చివరికి నాదం.

అయస్కాంతం సంగతి ఇంకా ఆసక్తికరం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు, ఇనుము కలిసిన ఆల్నికో వంశానికి మూలపురుషుడు జపాన్ శాస్త్రవేత్త తోకుషిచి మిషిమా. 1931లో ఆయన చేసిన మిశ్రలోహం నుంచే ఇవి వచ్చాయి. గిబ్సన్ ఫ్యాక్టరీలో ఆల్నికో 2, 3, 4, 5 వీటిలో ఆ రోజు ఏది ఉంటే అది పడేది. కాబట్టి ‘అసలైన పీఏఎఫ్ అయస్కాంతం ఇదే’ అని ఒక్క నంబరు చెప్పి అమ్మేవాళ్ల మాట నేను నమ్మను. తక్కువ ఖర్చుతో ప్రయోగం చేయాలనుకుంటే అయస్కాంతాలు మార్చి చూడటమే మేలు. వైరు ముట్టుకోకుండానే నాదం మారడం చెవికి తెలుస్తుంది.

పాత భాగాలే కావాలన్నవాళ్లకు మంచి దారి ఉంది. స్టిక్కరు మీద నంబరు వచ్చిన తొలినాళ్లలోనూ లోపలి సరుకు మారలేదు. కాయిల్ తెగి మూలపడిన అలాంటి పికప్‌ల నుంచి పలక, మరలు, అయస్కాంతం, మూత తీసుకోవచ్చు. కొనేముందు పలక కాళ్ల మీద అచ్చు వదిలిన ఎల్ ఆకారపు గీత ఉందో లేదో చూడండి, బాబిన్ పైన చతురస్రంలో గుండ్రటి గుర్తును చూడండి. స్టిక్కరు చివరన.

పనిచేస్తున్న పాత హంబకర్ మీ చేతికొస్తే మాత్రం దయచేసి విప్పకండి. మీటరు పెట్టి నిరోధం రాసుకోండి, ఫొటోలు తీసుకోండి, గిటారులోనే ఉండనివ్వండి. భాగాల కోసం మంచి పికప్‌ను చంపితే ఆ చుట్లు మళ్లీ అలా చుట్టగలిగేవాళ్లు ఎవరూ లేరు.