మిగ్-21 మీది మరకలు

1963లో మన వైమానికదళమున ప్రవేశించి, అరువదిరెండేండ్లు ఆకాశమున తిరిగి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసికొన్న మిగ్-21 యుద్ధవిమానము, నూజివీడు మామిడితోటల నడుమ నొక పెంకుటింటి అరుగుమీద జానెడు పొడవున మరల పుట్టుటకు వలయు సామగ్రి యంతయు ఒక అట్టపెట్టెలో పట్టును. చట్రములకు అంటియున్న బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, నీట నానవేసి అతికించు డెకాళ్లు, ఒక పటము, అంతే. ముక్కలను అతికి బొమ్మ చేయుట ఓపికగల బాలురకును సాధ్యమే. కాని ఆ బొమ్మ ఎండకు నిలిచి, వానకు తడిసి, వెనుకనుండి నిప్పు క్రక్కుచు పనిచేసిన విమానముగా కన్పట్టునట్లు దానికి వయస్సు తెచ్చుట వేఱు విద్య. అందు చేతి నేర్పుకంటె, ఏ మరక ఏ కారణమున పుట్టెనో ఎఱిగిన కన్ను ముఖ్యము.

ఈ విమానము రష్యాలో రూపొందినదైనను మనకు పరాయిది కాదు. దీని దేహము నాసిక్‌లోను, ఇంజను ఆంధ్రసరిహద్దున నున్న కోరాపుట్‌లోను తయారగుచుండగా, ఎలక్ట్రానిక్ పరికరముల కొఱకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1965లో హైదరాబాదున ప్రత్యేక విభాగమును నెలకొల్పినది. ఇక చిన్న చిన్న ముక్కలు చేర్చి లోకమును నమూనాగా చూపు విద్యయు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 2022 వరకు నూజివీడుతోపాటు కృష్ణాజిల్లాలోనే యుండిన కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱను ఎండబెట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత వేసి, ఆపైన రంగులు దిద్దుదురు. ప్లాస్టిక్ విమానమునకును క్రమ మిదియే: అతుకు, లప్పము, ఉప్పుకాగితము, ప్రైమరు, రంగు. భేదమంతయు అతుకులోనే యున్నది. మక్కు రెండు చెక్కల నడుమ మూడవ పదార్థమై నిలిచి వానిని పట్టియుంచును. కిట్టుకు వాడు ద్రవము మాత్రము జిగురు కాదు, పాలిస్టైరీనును కరగించు ద్రావణి. అంచులు రెండును మెత్తబడి, ఇటు అణువుల గొలుసులు అటు గొలుసులతో పెనవేసికొని, ద్రావణి ఆవిరియై పోయిన పిమ్మట అక్కడ రెండు ముక్కలు లేవు, ఒకటే యున్నది. అందువలన ఈ అతుకు తప్పుగా పడినచో ఊడదీయుట కష్టము. చుక్క ఎక్కువైనచో విమానము ముక్కు కరగును.

ఇక కొలత. 1/72 అనగా నిజములో ఆరడుగులు నమూనాలో అంగుళము. ప్లాస్టిక్ విమానపు కిట్లలో మొదటివైన ఫ్రాగ్ పెంగ్విన్ కిట్లు 1936లో ఇంగ్లండున ఈ కొలతలోనే వెలువడినవి. 1942లో అమెరికా నౌకాదళము, విమానములను చూచినంతనే పోల్చుకొను శిక్షణకై, పాఠశాల విద్యార్థులచేత ఐదు లక్షల నమూనాలు చేయింప తలపెట్టినప్పుడును ఇదే కొలత. మిగ్-21 రెక్కల కొననుండి కొనకు 7.15 మీటర్లు, నమూనాలో అది పది సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. అయితే పొడవు 72వ వంతుకు తగ్గునపుడు ఉపరితలము 5,184వ వంతుకును, ఘనపరిమాణము 3,73,248వ వంతుకును తగ్గును. ఐదారు టన్నుల లోహవిమానమును అదే నిష్పత్తిలో తూచినచో పదిహేను గ్రాములకు అటునిటుగా తేలును. ఇంతవఱకు ప్రకృతి మనకు అనుకూలమే. రంగు దగ్గఱకు వచ్చుసరికి అది ఎదురు తిరుగును. నిజవిమానము మీది రంగు మందము మిల్లీమీటరులో పదవవంతు ప్రాంతమున ఉండును. నమూనాకు తగ్గించినచో అది ఒకటిన్నర మైక్రానులైనను ఉండదు. ఎయిర్‌బ్రష్‌తో ఎంత పలుచగా చిమ్మినను ఇరువది మైక్రానులకు తగ్గదు గనుక, మన నమూనా నిజవిమానమైనచో దానిపై దాదాపు మిల్లీమీటరున్నర మందపు రంగు పేరుకొన్నట్లు లెక్క. పలకల నడుమ కిట్టులో చెక్కిన గీతలును అట్టివే: గీత వెడల్పు మిల్లీమీటరులో ఐదవవంతైనచో, అసలు విమానమునందు ఆ సందులో వ్రేలు దూరును. కొలతకు లొంగని ఈ రెండింటిని కంటికి లొంగదీయుటయే నమూనాకారుని పని. అందుకే పలుచని పూతలు, ప్రతి పూతకును నడుమ విరామము.

ఆ పలుచని పూత నూజివీడు ఎండలో అంత తేలికగా కుదరదు. రసాలు, బంగినపల్లి తోటలనుండి దిగు రోజులలో, మధ్యాహ్నపు వేడికి ఎయిర్‌బ్రష్ వదలిన తుంపర దారిలోనే ఆరి, ప్లాస్టిక్‌ను చేరునప్పటికి ధూళిగా మారి గరుకుతేలును. తెల్లవారుజామున గాని పని సాగదు. శ్రావణమున చిక్కు వేఱు. లక్కరు రంగులోని ద్రావణి వేగముగా ఆవిరియగుచు ఉపరితలమును చల్లబఱచగా, గాలిలోని తేమ అక్కడ నీరై చేరి, నలుపు సయితము పాలు కలిపినట్లు తెల్లబడును. ఆ దినములలో పెట్టె మూసి పెట్టుటయే ఉత్తమము.

వయస్సు తెచ్చుటలో నేను చూచు లోపములలో మొదటిది తుప్పు. అల్యూమినియపు దేహముమీద గోధుమరంగు తుప్పు మరకలు దిద్దిన నమూనాలు ఎన్నియో కన్పట్టును. అల్యూమినియము గాలి తగిలిన క్షణమునుండి కొద్ది నానోమీటర్ల ఆక్సైడు పొరను తనపై తానే కప్పుకొని, ఆ పొరచేతనే రక్షింపబడును. ఉప్పుగాలికి అది చెడినచో పుట్టునది తెల్లని పొడి. గోధుమరంగు ఉక్కు మేకులకును, ఉక్కు భాగములకును మాత్రమే చెల్లును. రెండవది సమమైన మాపు. సూర్యుని అతినీలలోహిత కిరణములు రంగులోని బంధకమును ఛేదింపగా పైభాగములు వెలిసి సుద్దవలె తేలును. పొట్టక్రింది రంగు ఆ పాటికి కొత్తగనే యుండును. దూరమున గాలి పొర అడ్డువచ్చి రంగులు పలుచనగును గనుక నమూనాకు రంగులను లేతపఱచవలెనను వాదము ఒకటి కలదు. అర మీటరు దూరమున నమూనాను చూచుట 36 మీటర్ల దూరమున విమానమును చూచుటకు సమానము. ఆ 36 మీటర్ల గాలి తేట దినమున ఏ రంగును గుర్తింపదగినంతగా వెలియజేయదు. లేతపఱచుట మంచిదే, కాని దానికి కారణము ఎండ గాని గాలి కాదని నా మతము.

మరక నడచు దిక్కు అన్నిటికంటె ముఖ్యము. మామిడికాయను తొడిమ తెంచి కోసినప్పుడు చిమ్మిన సొన తొక్కపై జాఱి కాల్చిన నల్లని చాఱను చూచి, కాయను ఏ వైపు వంచి పట్టిరో తోటమాలి చెప్పగలడు. విమానమునందును నూనె, ఇంధనము అట్లే జాడ వ్రాయును, కాని రెండు దిక్కుల: నేలమీద నిలిచినపుడు భూమ్యాకర్షణవలన క్రిందికి, ఎగురునపుడు గాలి త్రోపుడువలన వెనుకకు. ఎగురుచుండగా కారిన చాఱ తోకవైపు సాగి సన్నబడును. నిలిచియుండగా కారినది నిలువుగా దిగి పొట్టక్రింద ముగియును. ఈ రెంటిని కలిపి ఏటవాలుగా దిద్దిన చాఱకు ప్రకృతిలో కారణమే లేదు. మిగ్-21 బిస్ వంటి తరువాతి రకములలో పొట్టక్రింద నుండు 23 మిల్లీమీటర్ల జంటగొట్టముల తుపాకి మసియు వెనుకకే పోవును, ముందుకు పోదు.

ఇంజను వేడిగాలి వెలువడు నాళికను కొంచెము దగ్గఱగా చూతము. వేడెక్కిన ఉక్కు మీద ఆక్సైడు పొర పెరుగుచుండ, ఆ పొర పైతలమునుండి వచ్చు వెలుతురును, దిగువ లోహమునుండి మరలిన వెలుతురును ఒండొంటిని తాకి కొన్ని రంగులు అణగిపోవును. మిగిలినవి కంటికి చేరును. ఇదియే వ్యతికరణము. సామాన్యపు ఉక్కునందు దాదాపు 220 డిగ్రీలకు గడ్డిరంగు, తరువాత గోధుమ, ఊదా, 300 ప్రాంతమున నీలము పుట్టును. ఊరి కమ్మరి ఉలికి పాయనము పెట్టునపుడు కన్నార్పక చూచునది ఈ వరుసనే. జెట్టు నాళికల మిశ్రలోహములకు ఉష్ణోగ్రతలు హెచ్చైనను వరుస మారదు: చల్లని అంచువైపు గడ్డిరంగు, వేడివైపు నీలము. నాళికమీద ఇంద్రధనుస్సునంతటిని చల్లువారు ఈ వరుసను తలక్రిందులు చేయుచుందురు.

రంగు రాలుటను చూపుటకు కల్లుప్పు చాలును. 1971 యుద్ధకాలమున, అంతవఱకు వెండివలె మెఱయుచుండిన మిగ్-21లలో అనేకములకు స్క్వాడ్రన్లలోనే తొందరతో పచ్చ, మట్టిరంగులు పూసిరి. అట్టి విమానమును చేయగోరువాడు ముందు అల్యూమినియపు రంగు వేసి, బాగుగా ఆరిన పిమ్మట, మనుష్యుల కాళ్లు త్రొక్కు రెక్కమొదళ్లయందును, తఱచుగా విప్పు మూతల అంచులయందును నీటిచుక్కలుంచి, దంచిన ఉప్పుపలుకులను వానిలో చల్లి, నీరు ఆరనిచ్చి, పైన పచ్చరంగు చిమ్మవలెను. తరువాత తడికుంచెతో ఉప్పును రాల్చినచో, దాని క్రింద దాగిన వెండిరంగు చెదరిన అంచులతో బయటపడును. ఆ అంచుల వంకరలు ఏ చేయియు దిద్దలేనివి. పలకల గీతలకు నల్లని నూనెరంగును టర్పెంటైనులో మిక్కిలి పలుచన చేసి, గీత మొదట కుంచెకొనను తాకించినచో చాలును. కేశనాళికత చేత అది తానే గీతవెంట పరుగెత్తును. అయితే దానికి ముందు నిగనిగలాడు వార్నిషు పూయవలెను. గరుకు తలమైనచో ద్రవము గీతను విడిచి నలుదిక్కుల ప్రాకును.

చాలమంది ఇక్కడ ఆగరు. నల్లచాఱ బాగున్నదని ఇంకొకటి, తుప్పు బాగున్నదని మఱికొంత కలుపుచు, దళములో పనిచేసిన విమానమును తుక్కుదుకాణములో దొరికిన దానివలె చేయుదురు. పనిలోనున్న యుద్ధవిమానమును నేలసిబ్బంది నిత్యము తుడుచుచునే యుందురు. మాపు మిగులునది వారి గుడ్డ చేరని మూలలయందే.

ఈ పనికి పూనుకొనువారు విశాఖపట్టణము వెళ్లినపుడు రామకృష్ణా బీచి ఒడ్డున 2017 డిసెంబరు నుండి ప్రదర్శనశాలగా నున్న టీయూ-142ను తప్పక చూడవలెను. 1988లో మన నౌకాదళమున చేరి, 2017 మార్చి 29న అరక్కోణములో విరమించిన ఆ విమానము జెట్టు కాదు, పంకాలతో ఎగురు టర్బోప్రాప్. అయినను లోహము, రంగు, ఎండ, ఉప్పుగాలి దానికిని ఒకటే. లోపలికి పోవు వరుసలో నిలువక ముందు దాని పొట్టక్రిందికి వెళ్లి, ఏ చాఱ ఎక్కడ మొదలై ఎటు పోయినదో కాగితముపై గుర్తు వేసికొనుడు. రంగులు కొనుట ఆ తరువాత.